లైట్నర్ మ్యూజియాన్ని చూడడం ఎలా: ఒకప్పటి అల్కజార్ హోటల్‌కు వెళ్లేవారి కోసం

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, 1565లో స్పానిష్ వారు స్థాపించిన సెయింట్ అగస్టిన్ నగరం నడిబొడ్డున, కింగ్ స్ట్రీట్ 75వ నంబరులో లైట్నర్ మ్యూజియం ఉంది. అది 1888 చివర అల్కజార్ అనే పేరుతో తెరుచుకున్న విలాసవంతమైన హోటల్. ఇక్కడికి వచ్చేవారిలో చాలామంది అద్దాల బీరువాల వెంట నడిచి, గాజు సామానునూ కుర్చీలనూ శిల్పాలనూ చూసి, ఫొటోలు తీసుకొని గంటలో బయటపడతారు. అలా చూడడం తప్పేమీ కాదు గానీ, సగం మ్యూజియాన్ని చూడకుండానే వెనుదిరిగినట్లవుతుంది. బీరువాలోని వస్తువు ఏ గదిలో ఉందో, ఆ గదిలో నూట ముప్పై ఏళ్ల కిందట ఏం జరిగేదో తెలుసుకుంటూ నడిచినప్పుడే ఈ చోటు అర్థమవుతుంది. అందుకు ఎలా సిద్ధం కావాలి, ఏ వరుసలో నడవాలి, ఎక్కడ నిలబడాలి, ఎక్కడ నిలబడనక్కరలేదు అన్నవి ఇక్కడ వివరిస్తాను.

వెళ్లే ముందు తెలిసి ఉండవలసిన కథ

ఈ భవనం వెనుక ఇద్దరు మనుషులున్నారు. మొదటివాడు హెన్రీ ఫ్లాగ్లర్. జాన్ రాక్‌ఫెల్లర్‌తో కలిసి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని స్థాపించి అపారంగా సంపాదించిన ఆయన, 1880లలో చలికాలం గడపడానికి సెయింట్ అగస్టిన్‌కు వచ్చి, ఊరు నచ్చినా తన వంటి ధనికులు దిగదగిన హోటల్ లేదని గ్రహించాడు. అమెరికా ఉత్తరాది నగరాలు మంచులో కూరుకుపోయే నెలల్లో అక్కడి సంపన్నులను రైళ్లలో దక్షిణానికి రప్పించాలన్నది ఆయన ఆలోచన. ముందుగా పోన్స్ డి లియోన్ హోటల్ 1888 జనవరి 10న తెరుచుకుంది. దానికి ఎదురుగా, వీధికి అవతలి పక్కన, అదే సంవత్సరం చివర అల్కజార్ వచ్చింది. ఈ రెండింటికీ నక్షాలు గీసినవారు జాన్ క్యారేర్, థామస్ హేస్టింగ్స్ అనే యువకులు. పని చేతికి వచ్చేనాటికి ఇద్దరికీ ముప్పై ఏళ్లు నిండలేదు. హేస్టింగ్స్ తండ్రి న్యూయార్క్‌లో ఫ్లాగ్లర్ వెళ్లే చర్చికి పాస్టరు కావడం వారికి కలిసివచ్చింది. 1911లో ప్రారంభమైన న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ప్రధాన భవనం కూడా తరువాతి కాలంలో వీరి చేతి మీదుగా వచ్చినదే.

రెండు హోటళ్లకూ మధ్య పని విభజన ఉండేదని గుర్తు పెట్టుకోండి. పోన్స్ డి లియోన్ దర్జాకు, అల్కజార్ వినోదానికి. అల్కజార్‌లో గదుల అద్దె తక్కువ, కానీ ఈత కొలను, ఆవిరి స్నానాలు, మర్దన గదులు, వ్యాయామశాల, బౌలింగ్, టెన్నిస్, నృత్యశాల అన్నీ ఇక్కడే ఉండేవి. ఎదుటి హోటల్‌లో దిగిన కోటీశ్వరులు కూడా పొద్దుపోవడానికి వీధి దాటి ఇటే వచ్చేవారు. భవనం వెనుక భాగంలో ఉన్న ఈ వినోద విభాగాన్ని అప్పట్లో కాసినో అనేవారు. దానికీ జూదానికీ సంబంధం లేదు.

వైభవం ఎంతో కాలం నిలవలేదు. 1894 చివర, 1895 మొదట్లో వచ్చిన ఘోరమైన చలిగాలులు ఉత్తర ఫ్లోరిడా నారింజ తోటలను మాడ్చివేశాయి. ఫ్లాగ్లర్ అప్పటికే తన రైలు మార్గాన్ని ఇంకా వెచ్చగా ఉండే దక్షిణానికి పొడిగిస్తున్నాడు. 1894లో పామ్ బీచ్, 1896లో మయామీ, 1912లో కీ వెస్ట్ చేరిన ఆ పట్టాల వెంట ధనికులు కూడా దిగువకు తరలిపోయారు. సెయింట్ అగస్టిన్ గమ్యస్థానం హోదా పోగొట్టుకొని దారిలోని మజిలీగా మిగిలింది. 1929 తరువాతి ఆర్థిక మాంద్యం మిగిలిన పని పూర్తి చేసింది, 1932లో అల్కజార్ మూతబడింది.

రెండో మనిషి ఓటో లైట్నర్, షికాగోలో ‘హాబీస్’ అనే పత్రిక నడిపిన ప్రచురణకర్త. ప్రతి మనిషీ ఏదో ఒకటి సేకరించాలన్నది ఆయన ప్రచారం. మాంద్యం దెబ్బకు కుదేలైన సంపన్న కుటుంబాలు భవనాలతో పాటు సామానునూ అమ్ముకుంటున్న కాలంలో ఆయన వాటిని కొంటూ పోయాడు. ఆ సంగ్రహానికి ఇల్లు కావలసి, ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న అల్కజార్‌ను 1946లో కొని, 1948లో మ్యూజియంగా తెరిచి, నగరానికి అప్పగించాడు. 1950లో మరణించిన ఆయన సమాధి ఈ ఆవరణలోనే ఉంది.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. హోటల్‌ను మూయించిన కారణమే ఆ వస్తువులను వేలానికి తెచ్చింది. రైళ్లూ చమురూ ఉక్కూ తెచ్చిన డబ్బుతో వెలిగిన ఒక తరం తాలూకు పెట్టె, అంటే ఈ భవనం, ఒకరి వల్ల, అందులోని సామాను మరొకరి వల్ల, ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ కలవకుండానే, ఒక చోటికి చేరాయి. 1913లో చనిపోయిన ఫ్లాగ్లర్‌కు లైట్నర్ ఎవరో తెలిసే అవకాశమే లేదు. లోపల ఎక్కడ ఏ వస్తువు ముందు నిలబడినా ఈ సంగతి మనసులో ఉంచుకుంటే మిగిలిన సందర్శన దానంతట అదే దారిలో పడుతుంది.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా చేరాలి

హోటల్ నడిచిన కాలంలో దాని సీజన్ చలికాలమే, ఇప్పటికీ జనవరి నుంచి ఏప్రిల్ వరకు వాతావరణం నడకకు అనువుగా ఉంటుంది. నవంబరు మూడో వారం ప్రాంతం నుంచి జనవరి దాకా ఊరంతటా దీపాలంకరణ చేస్తారు, సాయంత్రాలు కన్నులపండుగగా ఉంటాయి గానీ వారాంతాల్లో కారు పెట్టుకోవడానికి చోటు దొరకడమే గగనం. ఆ రోజుల్లో వెళ్లదలచుకుంటే వారం మధ్యలో, ఉదయమే వెళ్లడం మేలు. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన కురవడం అక్కడ మామూలు, కాబట్టి బయట చూడవలసినవి ఉదయం ముగించి, వాన వేళకు లోపల ఉండేలా చూసుకోండి. జూన్ నుంచి నవంబరు చివరి వరకు తుఫానుల కాలం. సముద్రానికి దగ్గరగా, పల్లంగా ఉన్న ఈ పాత నగరంలోకి 2016లోనూ 2017లోనూ తుఫాను నీరు వచ్చింది. ఆ నెలల్లో ప్రయాణమైతే బయలుదేరే ముందు వాతావరణ హెచ్చరికలు చూసుకోవాలి.

దగ్గరలోని పెద్ద విమానాశ్రయం జాక్సన్‌విల్, అక్కడి నుంచి కారులో సుమారు గంట. ఒర్లాండో నుంచి దాదాపు రెండు గంటలు పడుతుంది, అక్కడి థీమ్ పార్కులకు వచ్చినవారు ఒక రోజు కేటాయిస్తే ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి చేరవచ్చు. పాత నగరంలో వీధులు ఇరుకు. మ్యూజియం పరిసరాల్లో ఖాళీ కోసం కారుతో చుట్లు తిరగకుండా, సందర్శకుల కేంద్రం పక్కనున్న నగరపాలక సంస్థ బహుళ అంతస్తుల పార్కింగ్‌లో పెట్టి పది, పదిహేను నిమిషాలు నడిచి రండి. టికెట్ ధర, వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి ముందురోజు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోవడం అవసరం. పెళ్లిళ్లకూ విందులకూ కూడా ఈ భవనాన్ని అద్దెకిస్తారు, అందువల్ల ఏదైనా గ్యాలరీ ఆ రోజు మూసి ఉంటుందేమో కూడా అక్కడే తెలుస్తుంది. రెండున్నర గంటలు చేతిలో ఉంచుకోండి. చివరి గంటలో టికెట్ కొని పరుగెత్తడం దండగ.

లోపలికి వెళ్లే ముందు బయట

నేరుగా తలుపు వైపు నడవకండి. ముందుగా వీధి దాటి, ఒకప్పటి పోన్స్ డి లియోన్ ప్రవేశద్వారం దగ్గర నిలబడి ఇటు తిరిగి చూడండి. జంట బురుజులు, ఎర్రటి పెంకుల కప్పు, వంపు తోరణాలు, మధ్యలో తోటలోకి తెరుచుకునే దారి, అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఉన్న అల్కజార్ రాజభవనం పేరే ఈ హోటల్‌కు పెట్టారు, రూపానికి కూడా స్పెయిన్ వాస్తువే ప్రేరణ. మూడు వందల ఏళ్ల కిందట స్పానిష్ వారు ఏలిన ఊరికి స్పెయిన్ వేషమే తగినదని ఫ్లాగ్లర్ భావించాడు. నిజానికి ఆ పాత స్పానిష్ ఊళ్లో ఇంత అట్టహాసమైన కట్టడం ఏదీ ఉండేది కాదు, ఇది ఉత్తరాది అతిథుల ఊహల్లోని స్పెయిన్. ముందున్న విగ్రహం నగర స్థాపకుడు పెద్రో మెనెండెజ్‌ది, ఆయన సొంత ఊరైన స్పెయిన్‌లోని అవిలెస్ నగరం దాన్ని కానుకగా పంపింది.

తరువాత గోడ దగ్గరకు, చేయి చాపితే తగిలేంత దగ్గరకు వెళ్లండి. అది రాయి కాదు, ఇటుకా కాదు, పోతపోసిన కాంక్రీటు. పోర్ట్‌లాండ్ సిమెంటులో కొకీనా అనే గవ్వరాయి పొడినీ ముక్కలనూ కలిపి, చెక్క అచ్చుల్లో పొరలు పొరలుగా పోసి గోడలు లేపారు. కొకీనా అంటే చిన్న చిన్న ఆల్చిప్పలు సహస్రాబ్దాల పాటు అతుక్కొని రాయిగా మారినది. ఎదురుగా కనిపించే అనస్టేసియా దీవిలో అది దొరుకుతుంది, ఊరి ఉత్తరపు కొసన 1672లో కట్టడం మొదలైన కాస్టిల్లో డి శాన్ మార్కోస్ కోట గోడలు అదే రాతివి. పరీక్షగా చూస్తే కాంక్రీటులో గవ్వ తునకలు కనిపిస్తాయి. బూడిద రంగు గోడకు అంచులు దిద్దిన ఎర్రటి అలంకారాలు కాల్చిన మట్టివి. ఈ పద్ధతిని ఇక్కడ పెద్ద ఎత్తున వాడినది ఫ్లాగ్లరే అయినా, ఊళ్లో మొదట చేసి చూపినవాడు ఫ్రాంక్లిన్ స్మిత్. స్పెయిన్‌లోని గ్రెనడా నగరంలో ఉన్న అల్హంబ్రా రాజభవనాన్ని తలపించేలా ఆయన 1883లో కట్టుకున్న విల్లా జోరైదా కింగ్ స్ట్రీట్‌లోనే, కొద్ది అడుగుల దూరంలో ఉంది. సమయముంటే మరో టికెట్‌తో దాన్నీ చూడవచ్చు, లేకుంటే బయటి గోడ చూసినా పోలిక తెలుస్తుంది.

తోరణం దాటితే లోపలి తోట వస్తుంది. తాటిజాతి చెట్లు, రంగు చేపల కొలను, దాని మీద చిన్న రాతి వంతెన. చుట్టూ ఉన్న వరండాల వెంట హోటల్ కాలంలోనూ దుకాణాలు ఉండేవి. ముందు భాగంలో కొంత మేర నగరపాలక కార్యాలయం పనిచేస్తోంది, కాబట్టి ఫైళ్లు పట్టుకొని ఎవరైనా ఎదురైతే దారి తప్పామని అనుకోకండి. ఈ తోటలోకి రావడానికి టికెట్ అక్కరలేదు.

స్నానాల గదుల నుంచి నృత్యశాలకు

అమెరికాలో నేల అంతస్తునే మొదటి అంతస్తుగా లెక్కిస్తారు, మ్యూజియం ఇచ్చే పటంలోని అంకెలను ఆ ప్రకారం చదువుకోండి. టికెట్ కొన్నప్పుడే యంత్ర సంగీత వాద్యాలను ఏ వేళకు మోగిస్తారో అడగండి. చాలా కాలంగా ఉదయం 11 గంటలకూ మధ్యాహ్నం 2 గంటలకూ మోగించడం అక్కడి ఆనవాయితీ. రోజులో మిగిలినదంతా ఆ వేళ చుట్టూ అమర్చుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు జనం చేరినట్లే ఇక్కడా ముందుగా వచ్చినవారికే ముందు వరుస దక్కుతుంది.

నా సలహా ఏమిటంటే, వస్తువులను పక్కన పెట్టి మొదటి విడతలో భవనాన్ని మాత్రమే చూడండి. ఆవిరి స్నానాల విభాగంతో మొదలుపెట్టండి. ఆ కాలపు సంపన్నులు అక్కడికి కేవలం ఒళ్లు కడుక్కోవడానికి వెళ్లేవారు కాదు, అదొక వైద్యమని నమ్మేవారు. టర్కిష్ స్నానమంటే పొడి వేడి. ఒక గదిని మించి మరో గది వేడెక్కుతూ పోగా చెమట పట్టించుకొని, తరువాత చల్లటి నీటిలో మునిగి, మర్దన చేయించుకొని, పడక కుర్చీలో విశ్రమించేవారు. రష్యన్ స్నానమంటే గదినిండా ఆవిరి. ఈ రెంటి గదులూ మ్యూజియంలో నేటికీ ఉన్నాయి. ఆ వేడి గదుల్లో ఇప్పుడు కళాఖండాలు పెట్టి ఉంటే వాటిని కాసేపు మరిచి, తలుపుల వెడల్పు, పైకప్పు ఎత్తు, ఒక గది నుంచి మరో గదికి మనిషిని నడిపించే క్రమం గమనించండి. నడక క్రమమే ఇక్కడ వాస్తుశిల్పుల అసలు పనితనం.

అక్కడి నుంచి పై అంతస్తులోని నృత్యశాలకు వెళ్లండి. మెట్లెక్కలేనివారికి లిఫ్ట్ ఉంది. ఈ నృత్యశాల మామూలు హాలు కాదు. దాని నడుమ నేల ఉండదు. చుట్టూ వసారాలాగా సాగి, మధ్యలో తెరిచి ఉండి, కంచె పట్టుకొని తొంగిచూస్తే కింది అంతస్తుల దాకా కనిపిస్తుంది. ఆ లోతున ఉండేది ఈత కొలను. 120 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు, ఒక కొసన 3 అడుగులు, మరో కొసన 12 అడుగుల లోతు. నాలుగు గోడల మధ్య అంతటి కొలను ప్రపంచంలోనే లేదని అప్పట్లో చెప్పుకొనేవారు. భూగర్భ ఒత్తిడితో తనంతట తానే పైకి పొంగే ఆర్టీజియన్ బావి నుంచి గంధకం వాసన గల నీరు అందులోకి వచ్చేది. పైన పట్టు దుస్తుల్లో జంటలు నాట్యమాడుతుంటే కింద ఈతగాళ్లు నీళ్లలోకి దూకేవారు, ఇరుపక్షాలూ ఒకరినొకరు వినోదంగా చూసుకొనేవారు. కంచె పక్కన ఐదు నిమిషాలు నిలబడి ఆ లోతును కళ్లతో కొలవండి. భవనం మొత్తంలో ఇంతకు మించిన చోటు లేదని నా అభిప్రాయం, దానికి ఏ లేబులూ అవసరం లేదు.

వస్తువులను చూసే తీరు

ఇప్పుడు రెండో విడత, వస్తువుల కోసం. అన్నీ చూడాలని పెట్టుకోకండి. లైట్నర్ అభిరుచికి ఎల్లలు లేవు. రాజుల సామాను ఎంత ముద్దో, గుండీలు, చుట్టల మీది కాగితపు పట్టీలు, అగ్గిపెట్టె రేపర్లు కూడా ఆయనకు అంతే ముద్దు. ఇందులో గొప్ప కళ ఉంది, ఒట్టి విడ్డూరమూ ఉంది, రెండూ ఒకే అలమారలో పక్కపక్కన ఉండవచ్చు. మూడు, నాలుగు రకాలను ఎంచుకొని వాటి దగ్గరే ఆగడం తెలివైన పని.

చెక్కుడు గాజు అందులో మొదటిది. సుమారు 1876 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం వరకు అమెరికాలో ఈ పనికి మహర్దశ. సీసం కలిపిన బరువైన గాజు పాత్రను తిరిగే ఇనుప చక్రానికి ఆనించి, ఇసుక వంటి రాపిడి పొడి సాయంతో గాట్లు పెట్టి, తరువాత రాతి చక్రం మీద నునుపు చేసి, చివరగా మెరుగు పెట్టేవారు. నకలును గుర్తించడం కష్టం కాదు. అచ్చులో నొక్కి తీసిన గాజులో గాట్ల అంచులు మొద్దుబారి ఉంటాయి, అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నని గీత కనిపిస్తుంది. చక్రం మీద కోసిన గాజు అంచు కత్తిలా పదునుగా ఉండి, వెలుగును రంగులుగా విరుస్తుంది. పాత్రకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు జరిగి, తల అటూ ఇటూ కదుపుతూ చూడండి.

రెండోది లూయీ కంఫర్ట్ టిఫనీ గాజు. మధ్యయుగాల చర్చి కిటికీల్లో బొమ్మలోని ముఖాలనూ మడతలనూ గాజు మీద రంగుతో గీసేవారు. టిఫనీ, ఆయన సమకాలికులు రంగును గాజు కరిగి ఉన్నప్పుడే అందులో కలిపి, పాలమీగడ తెరలవంటి చారలు వచ్చేలా చేసి, గుడ్డ మడతకు ముడతలు పడిన గాజునే, ఆకుకు ఆకుపచ్చ చారల గాజునే ఏరి పొదిగేవారు. కాబట్టి టిఫనీ కిటికీ ముందు నిలబడినప్పుడు బొమ్మ ఎవరిదన్న ప్రశ్నకు తొందరపడకుండా, ఎక్కడెక్కడ గీత గీయకుండా గాజు స్వభావంతోనే పని జరిపించారో వెతకండి.

మూడోది కుర్చీలూ బల్లల వంటి ఇంటి సామాను, బొమ్మలు, శిల్పాలు. వాటిలో నెపోలియన్ సోదరుడు, 1806 నుంచి 1810 వరకు హాలెండ్‌ను ఏలిన లూయీ బోనపార్ట్ కోసం చేసిన రాతబల్ల ఉంది. దాని దగ్గర తప్పక ఆగండి. ఐరోపా రాజుల ఇళ్ల సామాను అమెరికా వ్యాపారుల ఇళ్లకు, అక్కడి నుంచి వేలంపాటకు, చివరికి ప్రజల మ్యూజియానికి చేరే ప్రయాణం ఎలాంటిదో ఆలోచించడానికి అంతకంటే తగిన వస్తువు ఉండదు. మిగిలిన కుర్చీలనూ సోఫాలనూ నడుస్తూ చూసినా నష్టం లేదు.

యంత్ర సంగీతం వేళ అయినప్పుడు చూస్తున్నది వదిలేసి వెళ్లండి. రికార్డులు, రేడియో ఇంటింటికీ రాకముందు సంపన్నుల హాళ్లలో పాట వినిపించినవి ఈ వాద్యాలే. చిన్న పెట్టెల్లో మేకులు దిగిన ఇత్తడి రోలరు తిరుగుతూ, దువ్వెన పళ్లవంటి లోహపు పట్టీలను మీటుతుంది. పెద్దవాటిలో రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్ట కదులుతుంటే గాలి ఆ రంధ్రాల గుండా పారి పియానో మెట్లనూ గొట్టాలనూ డప్పులనూ పలికిస్తుంది. వినడంతో సరిపెట్టుకోకుండా కాగితపు చుట్ట మీద ఒక కన్నేసి ఉంచండి, రంధ్రం వరుసకూ స్వరానికీ ఉన్న సంబంధం కాసేపటికే పట్టుబడుతుంది. పిల్లలతో వెళ్లినవారికి ఇదే సులువైన పాఠం.

ఇక విడ్డూరాల సంగతి. చనిపోయినవారి వెంట్రుకలతో అల్లిన ఆభరణాలు ఆ కాలపు శోకాచారానికి సాక్ష్యాలు, వాటిని చూసి జుగుప్స పడకుండా ఆ అల్లికలోని ఓపికను చూడాలి. రోటా అనే సింహం, చనిపోయాక లోపల కూరి నిలిపిన రూపంలో, ఇక్కడ నిలబడి ఉంది. 1943లో బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్‌కు దాన్ని బహూకరించారు, ఆ తరువాత చనిపోయేదాకా లండన్ జూలోనే ఉంది. అది చనిపోయినది 1955లో, లైట్నర్ పోయినది 1950లో, కనుక ఇది ఆయన కొన్నది కాదు. ఆయన తరువాత కూడా ఈ సంగ్రహం ఆయన పద్ధతిలోనే పెరిగిందనడానికి సింహమే రుజువు. ఫొటోలకు ఫ్లాష్ వాడకండి. అద్దాల వెనుక ఉన్నవాటికి ఫ్లాష్ పడితే మీకు మిగిలేది తెల్లటి మచ్చ ఒక్కటే.

భోజనం, ఆ తరువాత వీధికి అవతల

పైనుంచి తొంగిచూసిన కొలనులోకి దిగే దారి కూడా ఉంది. నీళ్లు తీసేసిన ఆ కొలను లోతైన కొసన కెఫే అల్కజార్ నడుస్తోంది. దాని ప్రవేశం భవనం వెనుక, గ్రెనడా స్ట్రీట్ వైపు. మ్యూజియం టికెట్ లేనివారు కూడా వెళ్లవచ్చు, కానీ మధ్యాహ్న భోజనం వేళకే తెరుస్తారు. రద్దీ ఉంటుంది కాబట్టి ముందే బల్ల చెప్పుకోవడం మంచిది. శాకాహారులు ముందుగా మెనూ చూసుకోవాలి. కూర్చున్నాక తల ఎత్తి చూడండి. ఈతగాడి తల మీద ఎంత నీరు ఉండేదో, ఆ పైన నృత్యశాల ఎంత ఎత్తున ఉండేదో కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. కొలను నేల కొస నుంచి కొసకు వాలుగా ఉండడం గమనించండి.

భోజనం అయ్యాక వీధి దాటి ఒకప్పటి పోన్స్ డి లియోన్‌లోకి వెళ్లాలి. 1968 నుంచి అందులో ఫ్లాగ్లర్ కళాశాల నడుస్తోంది. విద్యార్థులు నివసించే చోటు కనుక లోపలికి ఇష్టం వచ్చినట్లు వెళ్లనివ్వరు, కళాశాల నిర్వహించే గైడెడ్ టూర్‌కు టికెట్ కొనుక్కోవాలి. సెలవులు, పరీక్షల రోజుల్లో టూర్‌లు తగ్గుతాయి, ముందే చూసుకోండి. భోజనశాలలో 79 టిఫనీ కిటికీలు బిగించిన చోటనే ఉన్నాయి, వాటి కింద కూర్చొనే విద్యార్థులు ఇవాళ్టికీ అన్నం తింటున్నారు. ఉదయం మ్యూజియంలో విడిగా చూసిన టిఫనీ గాజు, నిజమైన గోడలో, నిజమైన ఎండ వెలుగులో ఎలా పనిచేస్తుందో ఇక్కడ తెలుస్తుంది. అందుకే మ్యూజియం ముందు, కళాశాల తరువాత అన్న వరుస సూచిస్తున్నాను. కూడలిలో మూడోదిగా కనిపించే కాసా మోనికా, ఫ్రాంక్లిన్ స్మిత్ కట్టి 1888లోనే ఫ్లాగ్లర్‌కు అమ్మిన హోటల్. కొన్ని దశాబ్దాలు జిల్లా న్యాయస్థానంగా ఉండి, 1999లో మళ్లీ హోటల్‌గా తెరుచుకుంది. ఒకే కూడలిలో మూడు పాత హోటళ్లు, ఒకటి మ్యూజియంగా, ఒకటి కళాశాలగా, ఒకటి హోటల్‌గానే బతికి ఉన్నాయి. పాత భవనాన్ని కాపాడే దారులు ఎన్ని రకాలో తెలుసుకోవాలనుకొనే వాస్తుశాస్త్ర విద్యార్థులు ఒక పూట పూర్తిగా ఈ కూడలికే ఇవ్వవచ్చు.

సమయం మరీ తక్కువై ఒక గంటే దొరికితే, వస్తువుల విడతను వదిలేసి స్నానాల గదులు, నృత్యశాల కంచె, యంత్ర సంగీతం ఈ మూడింటికే పరిమితం కండి. వృద్ధులు వెంట ఉంటే లోపలి తోటలోని బెంచీల మీద మధ్యలో విరామం తీసుకోవచ్చు.

ఫ్లోరిడాలో ఇంకా దక్షిణానికి వెళ్లేవారు పామ్ బీచ్‌లోని వైట్‌హాల్‌ను కూడా దారిలో పెట్టుకోవాలి. సెయింట్ అగస్టిన్ నుంచి కారులో మూడున్నర గంటలకు పైగా పడుతుంది. క్యారేర్, హేస్టింగ్స్ నక్షాతోనే ఫ్లాగ్లర్ 1902లో కట్టించిన తన శీతాకాల నివాసం అది. ఆయన తదనంతరం 1925లో దాని వెనుక ఎత్తైన కొత్త భాగం జోడించి హోటల్ చేశారు, ఆ హోటల్ మూతబడ్డాక ఆయన మనవరాలు జీన్ ఫ్లాగ్లర్ మాథ్యూస్ చొరవతో 1960లో మ్యూజియంగా తెరిచారు, జోడించిన భాగాన్ని 1963లో పడగొట్టారు. అక్కడ గదులనూ సామానునూ ఫ్లాగ్లర్ కుటుంబం ఉన్ననాటి రూపానికి తేవడానికి ప్రయత్నించారు. లైట్నర్ మ్యూజియం చూసిన మర్నాడే దాన్ని చూస్తే, ఒకే యజమాని కట్టడాలను రెండు భిన్నమైన పద్ధతుల్లో మ్యూజియాలుగా మార్చిన తేడా గది గదికీ తెలుస్తుంది.